దోవ డ్యూటీ కాదంట

కల్లూరు,
శుక్రవారం, మధ్యాహ్నం.

మా ఇంటాయనకు శివలీల నమస్కారం చేసి రాసేది.

ముందుగా నా రాతను మన్నించండి. ఆరో తరగతిలో బడి మానేసినదాన్ని, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. అక్షరాలు ఒక వరుసలో నిలవవు, చివరికి వచ్చేసరికి కిందికి జారతాయి. కూడబలుక్కొని చదువుకోండి. కొంచెం చదివి, ఇవి ఆడవాళ్ళ సణుగుళ్ళని పక్కన మాత్రం పెట్టకండి.

ఇక్కడ అత్తమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మీ ఒంట్లో ఎట్లా ఉందో, కడపలో ఎండ ఎట్లా ఉందో మీరు రాయలేదు. కండక్టరు ప్రకాశం అన్న చేతికిచ్చి పంపిన సంచీ, అందులో పెట్టిన చీటీ సోమవారం అందాయి. మీరు అడిగినవన్నీ చెప్తాను. అత్తమ్మ మోకాలు పరవాలేదు. మందు పూయించుకోదు గాని, పక్కింటి సర్దార్ బీ దగ్గరికి నడిచి పోయి, గంటసేపు కూర్చుని మోకాలు నొప్పి అని చెప్పుకొని, మళ్ళీ నడిచి వస్తుంది. కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తున్నాయి. మీ రెండో ఖాకీ చొక్కా పోలేదు, బీరువాలోనే ఉంది. చంక దగ్గర చిరిగి ఉంటే సర్దార్ బీతో కుట్టించాను. అదీ, చెనక్కాయల పొడీ ఈ ఉత్తరంతో పాటే ప్రకాశం అన్నకు ఇస్తాను. రేపటికి మీకు అందుతాయి.

ఫోను ఉండగా ఉత్తరమెందుకు అనుకుంటారు. ఫోను అత్తమ్మ కొంగున ఉంటుంది. మీరు చేసినప్పుడల్లా స్పీకరు పెట్టి, ఫోను లేకున్నా కడపకు వినపడేటట్టు అరుస్తుంది. ‘ఏమప్పా, తినినావా? ఏం తినినావు? ఎవరు జేసిరి? ఉప్పు జాస్తి ఏసిరా?’ అని అన్నీ ఆమే అడిగి, ‘ఇదో, నీ పెండ్లాము ఈడే నిలబడుండాది, మాట్లాడు’ అని నా మొహం ముందర పెడుతుంది. నేను ఊ అంటాను. మీరు ఊ అంటారు. మీరు కడపకు పోయిన ఈ అయిదు నెలల మన సంసారం ఆ రెండు ఊలతోనే గడిచింది. నిన్న ఆమె చెల్లెలి మనవరాలికి పుట్టువెంట్రుకలు తీస్తారని ఊరికి పోయింది. ఆదివారం గాని రాదు. అందుకే ధైర్యం చేసి కాగితం ముందర పెట్టుకున్నాను.

మీ చీటీలో చివర ఒక మాట అడిగారు. కింద గీత కొట్టి మరీ అడిగారు. ‘లేవి ఇంటికి ఎందుకు పోతున్నావు? వాడు మనకు చేసింది మరిచిపోయినావా?’ అని. ఆ ఒక్కదానికి జవాబు చెప్పాలనే ఈ ఉత్తరం. మీకు తెలిసిన సంగతులే కొన్ని మళ్ళీ చెప్తాను, విసుక్కోకండి. మొదటి నుంచి చెప్తే గాని నాకు చెప్పడం చేతకాదు.

నేను కాపురానికి వచ్చినప్పుడు గవర్నమెంటు ఉద్యోగమంటే పదికి పోయి అయిదుకు వచ్చేదని మా అమ్మ చెప్పి పంపింది. ఇక్కడికి వచ్చాక చూస్తే మీరు తెల్లారకముందే నాలుగింటికి లేచేవారు. మీరు జీపు తోలాలి, భూగర్భ జలాల ఆఫీసులో మీతో పాటు పనిచేసే లేవి అన్న టేపు బోరులోకి దించి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసి రాయాలి. రైతులు మోటార్లు వేయకముందే కొలవాలని, వేశాక నీళ్ళు కిందికి పోతాయి గనక ఆ కొలత చెల్లదని మీరే నాకు చెప్పారు. దూరం ఊళ్ళయితే ఆదివారం సాయంత్రమే బయలుదేరేవారు.

లేవి అన్న వచ్చి బయట గట్టు మీదే కూర్చునేవాడు. మీరు చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చేవారు. అత్తమ్మ మొహం ముడుచుకున్నా చూడనట్టే ‘రెండు టీ’ అనేవారు. ‘చెల్లెమ్మా, మీ ఆయప్ప జీపు తోల్తా పాట పాడతాడు, ఎప్పుడన్నా ఇన్నావా? అది ఇనే బోర్లల్లో నీళ్ళు ఇంకా కిందికి పోతాండాయి’ అనేవాడు ఆయన. నేను తలుపు వెనక కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. మీకు కూడా నవ్వు ఆగేది కాదు.

మీరిద్దరూ కలిసే అర్జీ పెట్టారు. బోరు దగ్గర కొలిచే గంటలకు ఓవర్‌టైము ఇస్తున్నారు, ఆ బోరు దాకా పోయే గంటలకు, తిరిగి వచ్చే గంటలకు ఇవ్వడం లేదని. అర్జీ రాసే రోజు మీ మాటలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి.

‘నేనంటే తోల్తా గాబట్టి పని అంటారు. నువ్వు ఊరికే కూసుంటావు గదప్పా, నీకేమని ఇయ్యల్ల?’ అన్నారు మీరు.

‘నువ్వు నిద్దరపోకుండా జూసుకునేది పని గాదా? నాకే డబులు ఇయ్యల్ల’ అన్నాడు లేవి అన్న.

శ్రావణ మాసంలో ఒక మంగళవారం మీరు నంద్యాల దిక్కు పోయారు. అత్తమ్మ సొంతూరికి పోయి ఉంది. పదకొండింటికి మన వాకిట్లో ఒక జీపు ఆగింది. మీది కాదు. కళ్ళద్దాల సారు ఒకాయన, ఫైలు పట్టుకొని ఇంకొకాయన దిగారు. నేను గబగబా తలుపు దగ్గరికి లాగాను. ఎందుకో మీకు తెలుసు. దానికి రెండు రోజుల ముందు, ఆదివారం నాడు, మీరు ఊరి నుంచి మూడు మూటల ఎర్రగడ్డలు ఆఫీసు జీపులో వేసుకొచ్చారు. దించేటప్పుడు నాతో ఏమన్నారు? ‘ఎవరన్నా అడిగితే జీపు మనింటికి రానే రాదని చెప్పు. సెలవు దినం బండి బయట తిరిగిందంటే నా ఉద్యోగానికే ఎసరు’ అన్నారు. ఆ మూటలు ఇంకా తలుపు వెనకే ఉన్నాయి. ఉల్లి వాసన బయటికి పోతుందేమోనని నేను గడపలో అడ్డంగా నిలబడ్డాను.

ఆ సారు అర్జీ మాట ఎత్తలేదు. ఎత్తాడేమో, నా చెవికి ఎక్కలేదు. నాకు వినపడింది జీపు అనే మాట ఒక్కటే.

‘మీ ఆయన ఆఫీసు టైము కాని టైములో జీపు తీసుకొని పోతుంటాడా అమ్మా?’

‘లేదు సార్.’

‘ఎప్పుడూ పోడా? తెల్లారుజామున గాని, ఆదివారాలు గాని?’

‘పోరు సార్. తొమ్మిదిన్నరకు పోతారు, ఆరుకంతా ఇంట్లో ఉంటారు. ఆదివారం ఇల్లు కదలరు.’

పరాయి మగవాళ్ళ ముందు నేను తలెత్తి, తడబడకుండా మాట్లాడింది అదే మొదలు. ఆయన అంతా రాయించి చదివి వినిపించాడు. సంతకం పెట్టమంటే శివలీల అని వంకర లేకుండా పెట్టాను. మజ్జిగ ఇస్తే తాగి, ‘మంచిదమ్మా’ అని పోయారు. మీ ఉద్యోగం కాపాడానని నాకు ఎంత సంతోషమో. సాయంత్రం మీరు వస్తే ఎట్లా చెప్పాలో అంట్లు తోముతూ మనసులో అనుకుంటూనే ఉన్నాను.

మీరు వచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకుండా అడిగారు. ‘మా అర్జీ మీద ఎంక్వయిరీ సారు తిరుగుతాండాడంట. మనింటికి గాని వచ్చినాడా? ఇండ్లకు వచ్చి ఆడోళ్ళను అడిగితే సాలు. మేము ఎన్నింటికి లేస్తామో ఎన్నింటికి వస్తామో మీకు గాక ఎవరికి తెలుస్తుంది?’ అన్నారు. నవ్వుతూ అన్నారు. నేను ఏం చేశానో అప్పుడు నాకు అర్థమయింది. ‘ఎవరూ రాలేదు’ అన్నాను.

సంతకం తెలియక పెట్టాను. ఆ మాట మాత్రం తెలిసే అన్నాను.

దీపావళికి ముందు ఆర్డరు వచ్చింది. మీరు ఆఫీసు వేళలు కాని వేళల్లో ప్రయాణం చేస్తున్నారనడానికి ఆధారం లేదని, మీ వైపు మనిషి ఒకరు ఆ మాటే రాసి ఇచ్చారని. ఎవరని మీరు అడిగితే వాళ్ళు చెప్పలేదు. అదే వారం లేవి అన్నకు స్టోరు గది తాళాలు అప్పగించారు. ఆ రెండింటినీ మీరు కలిపి ముడివేశారు.

ఆ రోజు ఆయన వస్తే మీరు లోపలికి లాక్కురాలేదు. గట్టు దగ్గరే నిలబెట్టారు.

‘ఆరేండ్లు నా పక్కన కూసుంటివి గదరా. తాళం చెవులకు అమ్ముడుబోతివా?’

‘నేను జెప్పలేదప్పా.’

‘మరెవరు జెప్పిరి? పేరు జెప్పు.’

లేవి అన్న మీ భుజం మీదుగా ఒక్కసారి తలుపు దిక్కు చూశాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ చూపులోనే ఆయనకు అంతా తెలుసని నాకు తెలిసిపోయింది. స్టోరులో ఫైళ్ళు సర్దుతూ ముందు రోజే ఆ కాగితం చూశాడట. నా పేరు ఆయన నోటి దాకా వచ్చిందేమో. ‘నీ ఇష్టమప్పా, ఎట్లన్నా అనుకో’ అని బండి తీసుకొని పోయాడు. మీరు కోపం పట్టలేక చెంబు తెచ్చి, ఆయన కూర్చునే చోట నీళ్ళు కుమ్మరించారు. అత్తమ్మ కూడా ఎన్నడూ అట్లా చేయలేదు. వీధి మలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అది మీరు చూడలేదు. నేను చూశాను.

తర్వాత మీరు ఆయన మొహం చూడలేనని, కడపకు బదిలీ అడిగి మరీ వేయించుకున్నారు.

మీరు పోయిన వారానికి చౌక దుకాణం దగ్గర ఆయన కనపడ్డాడు. నేను ఏడుస్తూ ఎర్రగడ్డల సంగతంతా చెప్పాను. మొత్తం విని నవ్వాడు. ‘నేనే మా ఆయనకు చెప్పేస్తా, అన్నా’ అన్నాను. ‘ఇప్పుడొద్దు చెల్లెమ్మా. వాని కోపం నాకెరిక. నన్నయితే తిట్టి ఊరకుంటాడు. నిన్ను మీ అమ్మింట్లో దిగబెట్టి వస్తాడు. రోంత సల్లారనీ. సమయం జూసి నేనే జెప్తా, వాడే నవ్వుతాడు’ అన్నాడు. నేను సరేనన్నాను. దాచను, ఆ పూట నాకు ప్రాణం తేలికయింది. మోసేది ఆయన గనక నాకు తేలికయింది. ఇంటికి వచ్చి కడుపు నిండా తిన్నాను.

ఆ ఆర్డరు వచ్చాక పదికి ముందు జీపు బయటికి తీయకూడదన్నారు. కొలత మాత్రం మోటార్లు వేయకముందే ఉండాలన్నారు. లేవి అన్న సొంత బండి మీద పోవడం మొదలుపెట్టాడు. పోయిన నెల సోమవారం, ఇంకా వెలుగు రాకముందు, ఓర్వకల్లు దాటాక రోడ్డు మీద దీపం లేకుండా నిలిపిన లారీకి తగులుకున్నాడు. టేపు చుట్ట భుజానికే ఉందట.

ఆ రోజు అత్తమ్మ చేతిలోంచి ఫోను లాక్కొని మీకు చెప్పింది నేనే. ‘నాకు సెలవు దొరకదు’ అన్నారు మీరు. మీ గొంతు ఎట్లా ఉందో నేను విన్నాను. అందుకే మిమ్మల్ని రాయి అని అనుకోలేదు. సర్దార్ బీని తోడు తీసుకొని మట్టికి పోయాను. అక్కడ అందరూ అడిగారు, హనుమేష్ రాలేదా, హనుమేష్ యాడ అని. ఆయన భార్య సువార్తమ్మ వదిన మాత్రం అడగలేదు. పెట్టె దించేటప్పుడు మన ఇంటి తరఫున కూడా ఒక పిడికెడు మట్టి వేశాను. వేస్తుంటే చెయ్యి తెరుచుకోలేదు.

అప్పటి నుంచి రెండు రోజులకొకసారి వదిన దగ్గరికి పోతున్నాను. మీరు అడిగిన దానికి ఇది సగం జవాబు. మిగిలిన సగం మొన్న బుధవారం జరిగింది.

డ్యూటీలో పోయిన మనిషికి రావలసినవి ఏవో ఉంటాయని ఎవరో చెబితే వదిన ఇక్కడి మీ పాత ఆఫీసుకు బయలుదేరింది. తోడు రమ్మంటే పోయాను. అక్కడ నేను మీ భార్యనని ఎవరికీ తెలియదు. ఫైలు ముందు పెట్టుకున్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కూర్చోమని కుర్చీ కూడా చూపించాడు.

‘ఆఫీసు పదికమ్మా. అయిదింటికి ఆయనకు రోడ్డు మీద ఏం పని?’

‘మోటార్లు ఏసేలోగా కొలవల్ల గద సార్’ అంది వదిన.

‘కొలిచేది డ్యూటీ. పొయ్యే దోవ డ్యూటీ గాదమ్మా. పైగా ఆ టైములో మావాళ్ళు ఎవరూ బయటికి పోరని ఈడ రాతపూర్వకంగా ఉండాది. డ్రైవరు భార్యే సంతకం జేసి ఇచ్చింది. ఇదో, శివలీల.’

వదిన నా దిక్కు తిరిగి చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. తెలిసిన ఇల్లు అనుకొని వేరే ఇంట్లోకి వచ్చినట్టు చూసింది. ఆ శివలీలను నేనే సార్, అది అబద్ధం సార్ అని అక్కడే చెప్పవలసింది. కుర్చీ పట్టుకొని నిలబడ్డాను, అంతే. ‘వేరే ఆధారం ఏదన్నా ఉంటే సోమవారం తీసుకొచ్చి పెద్ద సారుకు చూపించండి’ అన్నాడాయన.

షేర్ ఆటోలో వదిన పక్కనే కూర్చున్నాను.

‘మా ఆయప్పకు ఎరికేనా?’ అంది.

‘ఎరికే’ అన్నాను.

‘నాకు గూడా జెప్పల్యా.’ మళ్ళీ కొంచెం దూరం పోయాక, ‘నేను గూడా ఆయప్పను నమ్మకపోతిని శివలీలా. ఊరికే తాళాలు ఇస్తారా, నువ్వే జెప్పింటావు అంటిని. నవ్వె. ఒగ మాటన్నా అనల్యా’ అంది.

కల్లూరు వచ్చాక ‘దిగు, నీ ఇల్లు వచ్చె’ అంది. నా చార్జీ కూడా ఆమే ఇచ్చింది.

అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఆయన నా కోసం మీ దగ్గర చెడ్డ అయ్యాడు. కట్టుకున్న మనిషి దగ్గర కూడా చెడ్డ అయ్యి, అట్లాగే పోయాడు. ఆయన్ను బాగు చేయడానికి ఇప్పుడు నా నోరు తప్ప ఇంకేమీ లేదు.

సోమవారం నేను వదినతో మళ్ళీ పోతున్నాను. వద్దన్నా పోతాను. ఆ పెద్ద సారు ముందరే, నేను పెట్టిన సంతకం అబద్ధానికి పెట్టానని, మా ఆయనా లేవి అన్నా రోజూ నాలుగింటికే లేచి పోయేవారని, పోయిన ప్రతిసారీ టీ పెట్టి ఇచ్చింది నేనేనని చెప్తాను. అప్పుడెందుకు అట్లా చెప్పావమ్మా అని అడుగుతారు. ఎర్రగడ్డల మాట రాకుండా ఎట్లా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఇంకో అబద్ధం కట్టాలంటే నా వల్ల కావడం లేదు. అది కూడా చెప్పేస్తాను. మీ ఉద్యోగానికి ఏమవుతుందో నాకు తెలియదు. భయంగా ఉంది. అయినా మీ అనుమతి అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు. ఎవరో చెప్పగా వినేకంటే నా చేతి రాతతోనే ముందు మీకు తెలియాలని రాశాను.

ఎవరూ రాలేదని మీతో అన్న మాటకు మీరు వేసే శిక్ష ఏదైనా సరే. నన్ను మా అమ్మింట్లో దిగబెట్టాలనుకుంటే దిగబెట్టండి, ఎదురు చెప్పను. సోమవారం గడిచాక దిగబెట్టండి.

వీలయితే ఆదివారం బస్సు ఎక్కండి. నేరుగా ఇంటికి రాకండి. ముందు లేవి అన్నను పెట్టిన చోటికి పోయి రండి. ఇంకా రాయి వేయలేదు, మట్టే ఉంది, గుర్తుకు కర్ర సిలువ పెట్టారు. మీరు అన్న మాటలు మీరే వెనక్కి తీసుకోవాలి. అది నేను చేయలేను.

చదవడం అయ్యాక ఈ ఉత్తరాన్ని కాల్చేయండి. మీ గదిలో వాళ్ళు చూస్తారని భయపడి చెప్పడం లేదు. నన్ను నేను ఎరుగుదును. ఇది మిగిలి ఉందంటే, ఆ సారు ముందు నోరు పెగలనప్పుడు, అన్నీ మా ఆయన దగ్గరున్న కాగితంలో ఉన్నాయి సార్, చూసుకోండి అనేస్తాను. ఆ అవకాశం నాకు ఉండకూడదు. కాల్చేసి, రాలేకపోతే ఆదివారం రాత్రి అత్తమ్మ తిరిగి వచ్చాక ఆమె ఫోనుకు చేసి కాల్చానని చెప్పండి. ఆమె పక్కనే ఉంటుంది గనక ఏమీ వివరించకండి. ‘అయింది’ అనండి చాలు.

ఇట్లు,
మీ ఇంటిది,
శివలీల.